పరాయి దేశంలో పొయ్యి వెలిగించాలంటే

బ్యాంకాక్‌లో ఇయాన్ కిట్టిచాయ్ తల్లి తెల్లవారుజామున మూడింటికే లేచి మార్కెట్‌కు వెళ్లేది. కొడుకు బడిలో ఉండగా పదీ పన్నెండు రకాల కూరలు వండేది. బడి వదలగానే ఆ కుర్రాడు గిన్నెలన్నీ తోపుడుబండి మీద సర్దుకుని, వేడివేడి కూరలంటూ వీధుల్లో కేకేసి అమ్మేవాడు. తర్వాత న్యూయార్క్‌లో, ముంబైలో థాయ్ రెస్టారెంట్లు తెరిచిన షెఫ్ అతనే. చేతివంట అమ్మ దగ్గర అబ్బి ఉండవచ్చు గానీ, ఏ కూర ముందు ఖాళీ అవుతుందో, ఏది అడుగున మిగిలిపోతుందో బండి దగ్గరే తెలిసి ఉంటుంది. ఈ రెండో చదువు ఏ కాలేజీ సిలబస్‌లోనూ సరిగా ఉండదు.

షెఫ్ అవుతామనే ఇంటర్ విద్యార్థుల్లో చాలామందికి టీవీ పోటీలే స్ఫూర్తి. కిట్టిచాయ్ లండన్ వెళ్లింది మాత్రం ఇంగ్లిష్ చదువుకుందామని. వాల్డార్ఫ్ హోటల్లో గిన్నెలు కడిగే పనిలో చేరితే, అక్కడివాళ్లు అతని పనితనం చూసి వంట కాలేజీకి పంపారు. తర్వాత సిడ్నీలో చదువు, ఫ్రెంచ్ వంటశాలలో పని. తిరిగొచ్చి బ్యాంకాక్ ఫోర్ సీజన్స్‌లో ఎగ్జిక్యూటివ్ షెఫ్ అయ్యాడు. పేరు తెచ్చింది థాయ్ వంటే అయినా, పునాది పడింది పాశ్చాత్య వంటశాలలోనే.

పెద్ద హోటల్లో మీ మొదటి హోదా కమీ. ఉల్లిపాయలు ఒకే సైజులో తరగడం, ప్రతి డబ్బాకీ తేదీ చీటీ అంటించడం, పాత సరుకు ముందు వాడేలా ఫ్రిజ్ సర్దడం మీ పని. పండగలన్నీ డ్యూటీలోనే గడుస్తాయి, రోజంతా నిలబడే ఉండాలి. ఇది ముందే ఇంట్లో చెప్పి ఒప్పించుకోండి. కమీ నుంచి షెఫ్ డీ పార్టీ, సూ షెఫ్ మెట్లెక్కడానికి ఏళ్లు పడతాయి. ఆ దశలో జీతం చూసి నిరాశపడేవాళ్లే ఎక్కువ.

మళ్లీ ఇయాన్ దగ్గరికొస్తే, అతని రెస్టారెంట్లలో 2004లో న్యూయార్క్‌లో ‘కిట్టిచాయ్’, 2010లో ముంబై మెరైన్ డ్రైవ్‌లోని ఇంటర్‌కాంటినెంటల్‌లో ‘కో’ తెరుచుకున్నాయి. ఊరు మారితే వంట కూడా మారాలి. థాయ్ వంటలో ఉప్పదనం చాలావరకు చేపల సాస్‌ది, రొయ్యల ముద్దది. శాకాహారం అడిగేవాళ్లు ఎక్కువగా ఉండే మన దేశంలో ఆ రెండూ తీసేసి, పులియబెట్టిన సోయా సరుకులతో అదే లోతు రప్పించాలి. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం తాజాగా ఎక్కడ దొరుకుతాయో, ఎంతకు దొరుకుతాయో చూడాలి. వంద రూపాయల వంటకంలో సరుకుల ఖర్చు ముప్ఫై దాటిందంటే లెక్క సరిచూసుకోవలసిందే. పైగా షెఫ్ ఒక్కడు, రెస్టారెంట్లు వేర్వేరు దేశాల్లో. అందుకే ‘తగినంత ఉప్పు’ పనికిరాదు, ప్రతిదీ గ్రాముల్లో రాసి ఉండాలి.

థాయ్‌లాండ్ ప్రభుత్వమూ ఊరికే కూర్చోలేదు. 2002 ప్రాంతంలో విదేశాల్లో థాయ్ రెస్టారెంట్లు పెంచడాన్ని ఒక పథకంగానే చేపట్టింది, నాణ్యమైనవాటికి ‘థాయ్ సెలెక్ట్’ గుర్తింపు ఇస్తోంది. తెలుగు భోజనానికి అలాంటి దన్ను లేదు. ఇక్కడి షెఫ్ సొంత కాళ్ల మీదే నిలబడాలి.

ఇంటర్ తర్వాత ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ ప్రవేశ పరీక్ష రాస్తే హైదరాబాద్, తిరుపతిలోని ఐహెచ్ఎంల (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్) వంటి సంస్థల్లో హోటల్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీ చదవవచ్చు. వంట మీదే గురి ఉంటే హైదరాబాద్‌లోని కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా ఉంది. విదేశీ ఉద్యోగమంటూ ఏజెంటు వస్తే, అతను రిజిస్టరైనవాడో కాదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూశాకే పాస్‌పోర్టు చేతికివ్వండి. చదువులో భాగమైన ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కు హోటల్ ఎంచుకునేటప్పుడు ఎన్ని స్టార్లని కాదు, ట్రైనీలను ఎన్ని సెక్షన్లలో తిప్పుతారని అడగండి. స్టోర్స్‌లో కనీసం రెండు వారాలు పనిచేయనిస్తారేమో కూడా కనుక్కోండి. సరుకు ధరలు తెలిసేది అక్కడే.