కరువు నేలను చిత్రించే వృత్తి

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం ప్రాంతంలో చిత్రకళను వృత్తిగా ఎంచుకోదలచిన విద్యార్థికి ప్రకృతిదృశ్య చిత్రణ, అంటే నేల, నీరు, చెట్టు, ఆకాశమే ప్రధాన వస్తువుగా సాగే చిత్రరచన, చేతి నైపుణ్యంతోపాటు నేలను చదివే ఓపికనూ నేర్పుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఎండిన హగరి ఏటి ఇసుక గాలికి లేచి పొలాల మీద మేటలు వేస్తుండగా, ఇసుకతిన్నె వంపు దగ్గరే ఆగిపోయిన చిత్రం ఏ ఎడారికైనా సరిపోతుంది గానీ ఏరు, గాలి, సేద్యం ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్న సంగతిని చెప్పలేదు. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్లు కట్టే పెయింటెడ్ స్టార్క్ కొంగల విషయమూ అంతే. చెరువుల్లో నీరుంటేనే చేపలు, చేపలుంటేనే పిల్లలకు మేత.

ఇలాంటి బంధం తెగినప్పటి నష్టాన్ని చూపడానికి ఒక్క చిత్రం తరచూ చాలదు. అమెరికా చిత్రకారుడు థామస్ కోల్ 1833–36 మధ్య వేసిన ఐదు చిత్రాల వరుసలో ఒకే చోటు అడవిగా మొదలై, మహానగరమై, చివరకు శిథిలాల దిబ్బగా మిగులుతుంది. ఊరి చెరువును ఒకే గట్టు మీద నిలబడి కార్తె కార్తెకూ చిత్రించిన వరుస, పోర్ట్‌ఫోలియోలో, అంటే పనితనానికి సాక్ష్యంగా సమర్పించే చిత్రాల సంపుటిలో, విడివిడి దృశ్యాలకన్నా బలంగా నిలుస్తుంది.

రంగు కూడా ఆ నేలలోనే ఉంది. ఇనుము ఆక్సైడ్ వల్ల ఎర్రబడిన మట్టిని నీళ్లలో కలిపి, ఇసుక అడుగుకు దిగగానే పై నీటిని వేరే గిన్నెలోకి వంచి, అందులో పేరుకున్న మెత్తని ఒండ్రును ఎండబెట్టి నూరి తుమ్మజిగురుతో కలిపితే నీటిరంగు సిద్ధమవుతుంది. మట్టి, ఖనిజ వర్ణాలు ఎంతకాలం నిలుస్తాయో లేపాక్షి వీరభద్రాలయం పైకప్పున ఉన్న 16వ శతాబ్దపు చిత్రాలను చూస్తే తెలుస్తుంది.

ఇంటర్మీడియట్ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్ఏ కోర్సుకు కడపలోని డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం దగ్గరి మార్గం కాగా, అందులో ప్రవేశానికి ఏడీసెట్ రాయాలి. పీజీకి హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. కళాశాల అధ్యాపక వృత్తిని కోరేవారు యూజీసీ నెట్‌ను దృశ్యకళల సబ్జెక్టులో రాయవచ్చు. గ్యాలరీ అమ్మకాలనే నమ్ముకోవడం తొలి ఏళ్లలో ప్రమాదకరం. యానిమేషన్ చిత్రాలకు నేపథ్య దృశ్యాలు గీయడం, పక్షులు, మొక్కల పుస్తకాలకు బొమ్మలు వేయడం, పాఠశాలల్లో చిత్రలేఖనం బోధించడం వంటి పనులతో ఇల్లు గడుపుకుంటూనే చెరువుగట్టు వరుసను ఆపకుండా కొనసాగించడం మేలు.