మెడ తిప్పించుకునే ముందు



మన సొసైటీ ఉచిత వైద్య శిబిరాలకు వచ్చేవారి నోట బీపీ, షుగర్ తర్వాత ఎక్కువగా వినపడే మాట మెడనొప్పి. షాద్‌నగర్ మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలు, కొత్తూరు కంపెనీల్లో షిఫ్టు పని చేసే కుర్రాళ్లు, శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు రాత్రనక పగలనక క్యాబ్ తిప్పేవాళ్లు, ఇంట్లో తల వంచుకుని మిషన్ కుట్టే ఆడపడుచులు, అందరిదీ ఒకటే బాధ. ఇది చూసి కొందరు దాతలు మంచి మనసుతో ఒక ప్రతిపాదన తెచ్చారు. నగరం నుంచి కైరోప్రాక్టర్‌ను పిలిపించి శిబిరంలో అందరికీ మెడ, నడుము సరిచేయిద్దాం, ఖర్చు మేమే భరిస్తాం అని. ఫోన్లలో వచ్చే వీడియోలు వాళ్లూ చూశారు, మనమూ చూశాం. మెడను ఇటు అటు తిప్పి ఒక్కసారిగా గుంజితే టక్‌మని శబ్దం, వెంటనే రోగి ముఖంలో నవ్వు. ఆ డబ్బు ఖర్చు చేసే ముందు ఆ టక్‌మనే క్షణంలో మెడ లోపల ఏం జరుగుతుందో దాతలకు తెలియాలి. ఈ వ్యాసం అందుకోసమే.

కైరోప్రాక్టిక్ పుట్టింది అమెరికాలో. 1895లో అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డి.డి. పామర్ అనే ఆయన, చెవుడు ఉన్న హార్వీ లిల్లార్డ్ అనే పనివాడి వెన్ను నొక్కి వినికిడి తెప్పించానని చెప్పుకున్నాడు. వెన్నుపూసలు పక్కకు జరగడమే రోగాలకు మూలమన్నది ఆయన సిద్ధాంతం. దాన్ని ఈనాటి వైద్యశాస్త్రం ఒప్పుకోదు. అయినా నడుము నొప్పికి, మెడ నొప్పికి చేతులతో చేసే చికిత్సగా ఆ విద్య నిలబడింది. అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో దానికి కళాశాలలున్నాయి, లైసెన్సులున్నాయి. మన దేశంలో కైరోప్రాక్టర్లను నమోదు చేసి అదుపులో ఉంచే చట్టబద్ధమైన మండలి లేదు. ఫిజియోథెరపిస్టుల సంగతి వేరు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో వారికి చోటుంది. కాబట్టి బోర్డు మీద కైరోప్రాక్టర్ అని రాసి ఉంటే ఆయన విదేశంలో నాలుగేళ్లు చదివినవారూ కావచ్చు, నాలుగు రోజుల శిక్షణ తీసుకున్నవారూ కావచ్చు. మనకు తెలిసే మార్గం లేదు.

ఇక మెడ సంగతి. మెడలో ఏడు పూసలుంటాయి. మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనులు నాలుగు. రెండు మెడ ముందు భాగంలో, గొంతుకు అటూ ఇటూ వేలు పెడితే కొట్టుకుంటాయి, అవి కెరాటిడ్ ధమనులు. మిగతా రెండు వర్టిబ్రల్ ధమనులు. ఇవి వెన్నుపూసల పక్కనున్న చిన్న రంధ్రాల గుండా, సూదిలో దారం ఎక్కించినట్టు, ఒక్కో పూస దాటుకుంటూ పైకి పోతాయి. పైన మొదటి పూస దగ్గర మెలిక తిరిగి పుర్రెలోకి దూరి, రెండూ కలిసి చిన్న మెదడుకు, మెదడు కాండానికి రక్తం అందిస్తాయి. మన నడక తూలకుండా ఉండేది, మింగేది, ఊపిరి తీసేది, కళ్లు కుదురుగా చూసేది ఈ భాగాల వల్లే.

మనం తల పక్కకు తిప్పినప్పుడు ఆ తిరుగుడులో దాదాపు సగం మొదటి రెండు పూసల మధ్యే జరుగుతుంది. ధమని మెలిక తిరిగి ఉన్నదీ అక్కడే. మనంతట మనం తిప్పినప్పుడు కండరాలు ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతాయి. ఇంకొకరు పట్టుకుని, ఆ హద్దు దగ్గర నుంచి ఒక్క కుదుపుతో ముందుకు నెట్టినప్పుడు ఆపే అవకాశం కండరాలకు ఉండదు. అప్పుడు ధమని గోడ లోపలి పొర చిరిగే ప్రమాదం ఉంది. చిరిగిన చోట రక్తం గోడ పొరల మధ్యకు పోతుంది, గడ్డ కడుతుంది. ఆ గడ్డ దారిని మూసేయవచ్చు, లేదా ముక్క తెగి మెదడులోకి పోయి చిన్న నాళాన్ని మూసేయవచ్చు. అదే పక్షవాతం. ఇది అప్పటికప్పుడే రావాలని లేదు. కొన్ని గంటలకు రావచ్చు, కొన్ని రోజులకూ రావచ్చు. అందుకే మెడ తిప్పినవాడికి తాను చేసింది ఏమిటో తెలియకుండానే పోవచ్చు.

శబ్దం గురించి ఒక మాట. ఎముక తన చోటికి వచ్చి కూర్చున్న చప్పుడు అది అనుకుంటారు చాలామంది. కాదు. కీలులో ఉండే జిగట ద్రవంలో, కీలు ఒక్కసారి విడివడినప్పుడు గాలి బుడగలాంటి ఖాళీ ఏర్పడుతుంది, దాని చప్పుడు. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ ఇదే. శబ్దం వచ్చిందంటే వైద్యం జరిగిందని లెక్క కాదు.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో జరిగే విషయం అనుకోవద్దు. 2022లో మన హైదరాబాద్‌లో 50 ఏళ్ల మహిళ బ్యూటీ పార్లర్‌లో తల వెనక్కి వాల్చి షాంపూ చేయించుకుంటుండగా కళ్లు తిరిగాయి, వాంతులయ్యాయి. మొదట ఆమెను కడుపు డాక్టర్‌కు చూపించారు. మరునాడు నడక తూలింది. ఎం.ఆర్.ఐ. తీస్తే చిన్న మెదడులో రక్తం అందక దెబ్బతిన్న భాగం కనపడింది. మెడను వెనక్కి అతిగా వంచినప్పుడు ధమని నొక్కుకుపోవడం వల్ల ఇలా జరిగిందని ఆ కేసు చూసిన న్యూరాలజిస్టు డాక్టర్ సుధీర్ కుమార్ ప్రజలకు తెలిపారు. అమెరికాలో ఇలాంటి కేసులను డాక్టర్ మైఖేల్ వైన్‌ట్రాబ్ 1993లోనే వైద్య పత్రికలో రాశారు.

2024లో కర్ణాటకలో, తెలుగువాళ్లు ఎంతోమంది ఉండే బళ్లారి ప్రాంతం నుంచి మరో కేసు వచ్చింది. 30 ఏళ్ల యువకుడు. క్షౌరం అయ్యాక షాపతను ఉచితంగా తలకు మాలిష్ చేసి, చివర్లో మెడ గట్టిగా తిప్పాడు. అప్పుడే నొప్పి పుట్టింది. ఇంటికి పోయాక మాట తడబడింది, ఎడమవైపు పట్టు తప్పింది. బెంగళూరులో పరీక్షిస్తే కెరాటిడ్ ధమని చిరిగిందని తేలింది. కోలుకోవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. రోజు కూలితో బతికే ఇంట్లో రెండు నెలలంటే ఏమిటో ఈ పుస్తకం చదివే దాతలకు నేను చెప్పనక్కర్లేదు. 2016లో లాస్ ఏంజలస్‌లో కేటీ మే అనే 34 ఏళ్ల మోడల్ మరణించినప్పుడు, కైరోప్రాక్టర్ మెడ తిప్పినప్పుడు వర్టిబ్రల్ ధమనికి అయిన గాయమే కారణమని అక్కడి ప్రభుత్వ పరీక్షాధికారి నిర్ధారించారు.

న్యాయంగా రెండోవైపూ చెప్పాలి. ఇలాంటివి చాలా అరుదు. ఎంత అరుదు అన్నదానిపై ఒక మాట మీద ఎవరూ లేరు. 20 వేల సార్లకు ఒకటని కొందరు లెక్కగడితే, 58 లక్షల సార్లకు ఒకటని మరికొందరు లెక్కగట్టారు. అంత తేడా ఉందంటేనే ఎవరి దగ్గరా సరైన లెక్క లేదని అర్థం. కెనడాలోని ఒంటారియోలో 1993 నుంచి 2002 వరకు ఈ రకం పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన 818 మందిని పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. పక్షవాతానికి ముందు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లినవారు ఎక్కువగా కనపడ్డారు. కానీ మామూలు డాక్టర్ దగ్గరికి వెళ్లినవారూ అలాగే కనపడ్డారు. దానికి వాళ్లు చెప్పిన వివరణ ఆలోచించదగ్గది. ధమని ముందే చిరిగి ఉంటే మొదట వచ్చేది మెడనొప్పే. ఆ నొప్పితోనే మనిషి వైద్యం కోసం వెళ్తాడు. పక్షవాతం తర్వాత వస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో ఇచ్చిన ప్రకటన కూడా, రెండింటికీ సంబంధం కనపడుతోంది, కారణమని రుజువు కాలేదు, అయినా రోగికి ముందుగా చెప్పి తీరాలి అన్నది.

కైరోప్రాక్టర్లు ఈ అధ్యయనాన్ని తమకు అనుకూలంగా చూపిస్తారు. నాకు మాత్రం అది మన శిబిరాలకు ఇంకా పెద్ద హెచ్చరికలా కనపడుతుంది. ధమని చిరిగిన మనిషి వట్టి మెడనొప్పి అని చెప్పుకుంటూ మన క్యూలో నిలబడవచ్చు. ఒక్క ఉదయంలో వందమందిని చూసే చోట, స్కానింగ్ లేని చోట, అతన్ని మిగతా తొంభై తొమ్మిది మంది నుంచి విడదీసేదెవరు? అలాంటి మెడను పట్టుకుని గుంజితే ఏమవుతుందో ఊహించండి.

ప్రమాదం అరుదే అయినా, దానికి తగిన లాభం ఉంటే ఆలోచించవచ్చు. లాభం ఎంత? 2012లో అమెరికాలో 272 మంది మెడనొప్పి రోగులను మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు వెన్ను సరిచేసే చికిత్స, ఒక గుంపుకు మందులు, మూడో గుంపుకు ఇంట్లో చేసుకునే వ్యాయామాలు ఒకటి రెండు సార్లు కూర్చోబెట్టి నేర్పడం. వెన్ను చికిత్స మందుల కంటే మెరుగ్గా పనిచేసింది, అది నిజం. వ్యాయామాలు కూడా దాదాపు అంతే పనిచేశాయి. నా దృష్టిలో అసలు లెక్క ఇక్కడే తేలిపోతుంది. ఖర్చు లేనిది, ప్రమాదం లేనిది, ఇంటికి తీసుకుపోగలిగేది అంతే మేలు చేస్తుంటే, ఇంకోదానికి డబ్బెందుకు?

ఆ వ్యాయామాలు పెద్ద విద్యేమీ కాదు. నిటారుగా కూర్చుని గడ్డాన్ని మెల్లగా వెనక్కి లాగడం, భుజం రెక్కలు రెండూ దగ్గరకు తేవడం, అరచేత్తో నుదుటిని నొక్కుతూ తల కదలకుండా ఎదురు నిలపడం. ఒక్కోటి పదిసార్లు, రోజుకు రెండు మూడు పూటలు. బస్తా మోసేవాళ్లకు, మిషన్ కుట్టేవాళ్లకు వేర్వేరుగా చూపించాలి, అందుకే ఫిజియోథెరపిస్టు కావాలి. చెయ్యి తిమ్మిరెక్కడం, పట్టు తగ్గడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, కిందపడ్డాక మొదలైన నొప్పి ఉంటే వ్యాయామం కూడా వద్దు, ముందు డాక్టర్.

ఒక పెద్దాయన అడిగారు, నమాజులో సలాం చెప్పేటప్పుడు మెడ తిప్పుతాం కదా, అదీ ప్రమాదమేనా అని. కాదు. అది మన కండరాలతో, మన హద్దులో, నెమ్మదిగా తిప్పేది. నొప్పి ఉన్నరోజు ఎంత తిరిగితే అంతే తిప్పండి. భుజాలకు, వీపుకు చేసే మామూలు మాలిష్‌తోనూ భయం లేదు. మెడను కుదిపి తిప్పడమే వద్దంటున్నాను. పాతబస్తీలో ఎముకలు కట్టే పహిల్వాన్ల దగ్గరికి, పుత్తూరు కట్టుకు పోయేవాళ్లు మనలో ఉన్నారు. చెయ్యి కాలు కట్టు వేరే చర్చ. మెడ జోలికి మాత్రం వారినీ రానివ్వకండి.

మన ధర్మంలో ఈ విషయం కొత్తది కాదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసి హాని చేసినవాడు దానికి బాధ్యుడని దైవప్రవక్త (సఅసం) వారి బోధ. అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఆ హదీసు ఉంది. ఇబ్నుల్ ఖయ్యిం దీని ఆధారంగా వైద్యుని బాధ్యతను వివరంగా చర్చించారు. జకాత్, సదఖా ఎక్కడ వాడవచ్చో ఉలమాలు చెప్పాలి, అది నా పని కాదు. కానీ తెలియనివాడిని కూర్చీ వేసి కూర్చోబెట్టింది మన శిబిరమే అయితే ఆ బాధ్యతలో మన వాటా ఎంత అన్నది కమిటీ ఆలోచించాల్సిన ప్రశ్న. పేదవాడు ఉచితంగా ఇచ్చినదాన్ని కాదనలేడు. ప్రమాదం చెప్పినా, ఎదురుగా నిలబడిన పెద్దమనుషుల మొహమాటానికి సరే అంటాడు.

అందుచేత ఆ ప్రతిపాదన తెచ్చిన సోదరులకు నా మనవి, అదే డబ్బుతో నెలకు రెండు రోజులు చదువుకున్న ఫిజియోథెరపిస్టును పెట్టించండి, వారిలో ఒకరు మహిళ అయితే మన ఆడవాళ్లు సంకోచం లేకుండా వస్తారు. వ్యాయామాల బొమ్మలు తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించి ఇవ్వండి.

ఇంకొకటి, ఈ పేజీ చింపి గోడకు అంటించుకున్నా మంచిదే. మెడ తిప్పించుకున్న తర్వాత, లేదా ఏ కారణం లేకుండా కూడా, ఎప్పుడూ రానంత తీవ్రంగా మెడ వెనక లేదా తలలో నొప్పి, కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనపడటం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, నడక తూలడం, ముఖంలో ఒకవైపు తిమ్మిరి, ఒక కనురెప్ప వాలిపోవడం, ఇందులో ఏది అకస్మాత్తుగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. గ్యాస్ అనుకుని, దిష్టి అనుకుని తెల్లవారేదాకా ఆగవద్దు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే. షాద్‌నగర్ నుంచి హైదరాబాద్ పెద్దాసుపత్రికి చేరేసరికే గంటకు పైగా పోతుంది, ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ. మింగడం కష్టంగా ఉంటే నీళ్లు కూడా తాగించవద్దు. లక్షణం మొదలైన టైము చీటీ మీద రాసి వెంట పెట్టుకోండి. అక్కడి డాక్టర్‌కు, అడిగినా అడగకపోయినా, ఈ వారం పది రోజుల్లో మెడ ఎక్కడైనా తిప్పించుకున్నారా అన్నది చెప్పండి. మంగలి షాపైనా, పార్లరైనా సిగ్గుపడకుండా చెప్పండి.