రింగవుతోంది, మాట రావడం లేదు

విజయవాడ ఆఫీసులో ఫోన్ తీసి 040తో మొదలయ్యే హైదరాబాద్ నంబరు కొట్టారు. అవతలివాళ్లు ఎత్తారు. మన మాట వాళ్లకు వినిపిస్తోంది, వాళ్ల మాట మనకు రావడం లేదు. వాయిస్ ఇంజినీర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేయాల్సి వస్తే నేను మొదట అడిగేది ఇదే: తప్పెక్కడ?

ఇంటర్నెట్ కాల్‌కు రెండు దారులుంటాయి. ఎవరు పిలిచారు, ఎవరు ఎత్తారు అన్న సంగతులు సిప్ చూసుకుంటుంది. గొంతును మోసేది ఆర్‌టీపీ. రింగయిందంటే సిప్ దాదాపు బాగున్నట్టే. ఇలాంటి చోట నేను ముందుగా అనుమానించేది నాట్‌ను, అంటే లోపలి చిరునామాను బయటి చిరునామాగా మార్చే ఏర్పాటును. గేట్‌వే తన 192.168 లోపలి చిరునామానే బయటికి చెప్పి ఉంటే, తిరుగు ప్యాకెట్లకు ఇల్లు దొరకదు.

కాల్ ఎటు పోవాలో తేల్చేది డయల్ ప్లాన్. సిస్కో గేట్‌వేలో 0తో మొదలయ్యేవాటికి ఒక దారి, 040కి ఇంకో దారి రాస్తే హైదరాబాద్ కాల్ రెండోదాన్నే పట్టుకుంటుంది; ఎక్కువ అంకెలు కచ్చితంగా కలిసినదానికే పెద్దపీట. బయటి కాల్‌కు ముందు 9 నొక్కాలనే ఆఫీసుల్లో, 9 లేకుండా కొట్టినా 112 వెళ్లేలా తప్పక రాయండి. ఆపదలో ఉన్నవారికి ఆ 9 గుర్తుండదు.

బ్యాండ్‌విడ్త్ లెక్కలో కొత్తవాళ్లు తడబడతారు. గొంతును అంకెలుగా మార్చే జీ.729 కోడెక్‌కు సెకనుకు 8 కిలోబిట్లే అని పుస్తకంలో ఉంటుంది. 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్ చొప్పున సెకనుకు 50, ఒక్కోదానికి 40 బైట్ల హెడర్లు. అవి కలిస్తే 24 అవుతుంది. జీ.711 అయితే 64 కాస్తా 80. ఈథర్‌నెట్ భారం అదనం.

నేర్చుకోవడానికి పాత ల్యాప్‌టాప్ చాలు. లినక్స్ వేసి, 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఆస్టరిస్క్ అనే ఫోన్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా దించుకోండి. రెండు మొబైళ్లలో సాఫ్ట్‌ఫోన్ యాప్ పెట్టి 1001 నుంచి 1002కు కాల్ చేయండి. సర్వర్‌ను మాత్రం ఇంటి వైఫై దాటనివ్వకండి. పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే దొంగ కాల్స్ బిల్లు మీ నెత్తిన పడుతుంది.

తర్వాత కావాలనే చెడగొట్టండి. లేని నంబరు కొడితే సిప్ జవాబు 404. సర్వర్ ఒప్పుకోని కోడెక్‌ను ఫోన్‌లో పెడితే 488. ప్రతిసారీ ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్‌లో ఆ కాల్‌ను తెరిచి, ఏ సందేశం దగ్గర ఆగిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్‌తో పాటు ఆ నోట్‌బుక్ కూడా పట్టుకెళ్లండి.