మార్టేను ఇచ్చేయాలా, ఉంచుకోవాలా?

2025 నవంబరు 30

సాకేత్‌కు,

నువ్వు పంపిన రిపోర్టు చదివాను. అరిజోనా డైమండ్‌బ్యాక్స్ తమ సెకండ్ బేస్‌మన్ కెటెల్ మార్టేను ఈ చలికాలంలోనే ట్రేడ్ చేసేయాలని తేల్చావు. లెక్కలు శుభ్రంగా ఉన్నాయి, గ్రాఫులు ముచ్చటగా ఉన్నాయి. ఉద్యోగాల వేటలో దీన్ని క్లబ్బులకు చూపించుకుంటానన్నావు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. రిపోర్టు మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: మార్టేకు ఇప్పుడు మార్కెట్లో ఎంత ధర పలుకుతుంది? అది ఏజెంటు వేసుకునే ప్రశ్న. క్లబ్బు వేసుకోవాల్సింది వేరు. ఈ ఆటగాడు ఆడబోయే మంచి సంవత్సరాలు, మన జట్టు గెలవగలిగే సంవత్సరాలు ఒకటేనా కాదా? అవి కలిస్తే ఎంత ధర వచ్చినా ఆలోచించి ఇవ్వాలి. కలవకపోతే ఎంత గొప్పవాడైనా ఇచ్చేయాలి. ఈ నెలలోనే ఐపీఎల్‌లో చెన్నై జడేజాను, శామ్ కరన్‌ను రాజస్థాన్‌కు ఇచ్చి సంజూ శాంసన్‌ను తెచ్చుకుంది కదా. దాని మీద మన ఇళ్లలో జరిగిన వాదనలన్నీ ఎవరు పెద్ద ఆటగాడన్న దగ్గరే ఆగిపోయాయి. ఒకరికి 36 ఏళ్లు, ఇంకొకరికి 31 అన్న సంగతి ఆఖర్న గాని ఎవరికీ గుర్తు రాలేదు. నీ రిపోర్టు వాటికంటే చాలా నయం, కానీ తప్పు అదే జాతిది.

సెకండ్ బేస్‌మన్ ట్రేడుల్లో ఈ సంవత్సరాల లెక్క తేటగా కనిపించేది 1998 ఫిబ్రవరిలో మిన్నెసోటా ట్విన్స్ చేసిన పనిలో. చక్ నాబ్లాక్ అప్పటికి అమెరికన్ లీగ్‌లో అగ్రశ్రేణి సెకండ్ బేస్‌మన్, వయసు 29. ట్విన్స్ మాత్రం అంతకు ముందు సీజన్‌లో 68 గెలిచి 94 ఓడిన జట్టు. అతను ఎంత బాగా ఆడినా ఆ జట్టు మరో రెండు మూడేళ్లకు గాని పైకి రాదు. అందుకే అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కు ఇచ్చి ఎరిక్ మిల్టన్ అనే పిచర్‌ను, క్రిస్టియన్ గుజ్మాన్ అనే షార్ట్‌స్టాప్‌ను, మరో ఇద్దరిని, కొంత డబ్బును తెచ్చుకున్నారు. యాంకీస్ 1998, 1999, 2000 వరసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచింది. ట్విన్స్ 2000 దాకా ఓడుతూనే ఉంది. 2001లో మిల్టన్, గుజ్మాన్ ఇద్దరూ ఆల్‌స్టార్లయ్యారు, జట్టు ఎనిమిది సీజన్ల తర్వాత మొదటిసారి ఓటములకంటే ఎక్కువ విజయాలు చూసింది, 2002లో డివిజన్ గెలిచింది. ఎవరు ఎవరిని మోసం చేశారని అడిగితే జవాబు లేదు. ఒకరికి ఆ ఏడాదే ఆటగాడు కావాలి, ఇంకొకరికి మూడేళ్ల తర్వాత కావాలి. నాబ్లాక్‌కు కొద్దికాలంలోనే సెకండ్ బేస్ నుంచి ఫస్ట్ బేస్‌కు బంతి విసరడమే గండమైంది, 2001 నాటికి అతన్ని లెఫ్ట్ ఫీల్డ్‌కు మార్చారు, 2002తో ఆట ముగిసింది. యాంకీస్‌కు దాంతో పెద్ద నష్టమేమీ లేదు. వాళ్లు కొనుక్కున్న సంవత్సరాలు అప్పటికే చేతికొచ్చాయి.

ఇదే కొలబద్ద అరిజోనాకు పెట్టి చూడు. ఈ ఏడాది 80 గెలిచి 82 ఓడారు. నువ్వు ఈ ఒక్క అంకె చూసి వాళ్లను 1998 నాటి ట్విన్స్ పక్కన కూర్చోబెట్టావు. కానీ 2023లో వరల్డ్ సిరీస్ ఆడింది ఈ జట్టే, 2024లో 89 మ్యాచ్‌లు గెలిచింది ఈ జట్టే. జట్టులో ముఖ్యుడైన కార్బిన్ క్యారల్ కాంట్రాక్టు 2030 వరకు ఉంది. షార్ట్‌స్టాప్ జెరాల్డో పెర్డోమో ఈ సీజన్‌లో 20 హోమ్ రన్లు కొట్టి 100 పరుగులు తెప్పించాడు, అతనూ 2029 దాకా వీళ్ల చేతిలోనే ఉన్నాడు. మార్టే కాంట్రాక్టు కూడా 2030 వరకు ఉంది: గత ఏప్రిల్‌లో ఆరేళ్లకు 11.65 కోట్ల డాలర్లకు కుదిరింది. ఏడాదికి సగటున రెండు కోట్ల లోపే పడుతుంది. 2024లో 36 హోమ్ రన్లు కొట్టి ఎంవీపీ ఓటింగ్‌లో మూడో స్థానంలో నిలిచినవాడికి, రెండు చేతుల వైపు నుంచీ బ్యాటింగ్ చేసేవాడికి ఇది చవక. జట్టును కుంగదీసింది బ్యాటింగ్ కాదు, పిచింగ్. కార్బిన్ బర్న్స్‌కు జూన్‌లో మోచేతి శస్త్రచికిత్స జరిగింది, మెరిల్ కెల్లీని జూలైలో టెక్సస్‌కు పంపేశారు, జాక్ గాలెన్ ఇప్పుడు ఫ్రీ ఏజెంట్. ఇది పడిపోయిన ఇల్లు కాదు, ఒక గోడ కూలిన ఇల్లు. ఆ గోడ కట్టడానికి ఇటుకలు కావాలని ఎదుటి గోడ ఊడబీకితే ఏమవుతుందో రిపోర్టులో ఎక్కడా అడగలేదు.

నీ వాదనలో బలమైనది వయసు. దాన్ని తీసిపారేయలేను. ఒక ఏడాది ఆలస్యంగా కంటే ఒక ఏడాది ముందే అమ్మడం మేలని పాతకాలపు క్లబ్బు అధికారి బ్రాంచ్ రికీ పేరు మీద చెప్పుకునే మాట ఎత్తి రాశావు, సెకండ్ బేస్‌కు అది మరీ వర్తిస్తుంది. డబుల్ ప్లేలో పరుగెత్తుకొచ్చేవాడి దారిలోనే నిలబడి ఒళ్లు తిప్పి విసరాల్సిన చోటు అది. పైగా ఫీల్డర్లను ఇష్టమొచ్చినట్టు ఒకవైపు మోహరించడాన్ని 2023లో నిషేధించాక సెకండ్ బేస్‌మన్ సొంత కాళ్ల మీద తిరగాల్సిన నేల పెరిగింది. రాబర్టో అలొమార్ 2001లో క్లీవ్‌లాండ్‌కు .336 సగటుతో ఆడాడు. ఆ డిసెంబరులో న్యూయార్క్ మెట్స్‌కు వెళ్లాడు, 2002లో .266కు జారాడు, మళ్లీ కోలుకోలేదు. అప్పుడతనికి 34. మార్టేకు గత నెలలో 32 నిండాయి. కాళ్లు తగ్గితే నేషనల్ లీగ్‌లో 2022 నుంచి డెజిగ్నేటెడ్ హిట్టర్ (డీహెచ్) స్థానం ఉందిగా, అక్కడ బ్యాటింగ్ చేయించవచ్చని ఎవరైనా అంటారు. అంటారు గాని, సెకండ్ బేస్‌లో ఇలాంటి బ్యాట్ దొరకదు కాబట్టే దానికింత విలువ. అదే బ్యాట్‌ను డీహెచ్‌గా కూర్చోబెడితే అలాంటివాళ్లు ప్రతి చలికాలం ఫ్రీ ఏజెంట్లలో కనిపిస్తారు. మార్కస్ సెమియెన్ సంగతి వారం నాటి వార్తే. 2023లో ఎంవీపీ ఓటింగ్‌లో మూడో స్థానం తెచ్చుకున్నవాడు, ఈ ఏడాది .230 కొట్టాక, 35 ఏళ్ల వయసులో టెక్సస్ అతన్ని మెట్స్‌కు ఇచ్చింది. బదులుగా వచ్చింది ఎవరు? 2030 దాకా పెద్ద జీతం ఇవ్వాల్సిన బ్రాండన్ నిమ్మో. ఎదిగే కుర్రాడెవరూ రాలేదు. వయసు మీద పడ్డాక బేరం ఇలాగే ఉంటుంది.

అంటే మార్టే కాంట్రాక్టులోని ఆఖరి రెండు మూడేళ్లు తక్కువ దిగుబడే ఇవ్వొచ్చు. ఒప్పుకుంటాను. కానీ అలొమార్ కథలో నువ్వు రాయకుండా వదిలేసిన సగం ఉంది. అమ్మడానికి క్లీవ్‌లాండ్ ఎంచుకున్న ముహూర్తం అంతకంటే బాగా కుదరదు, అయినా బాగుపడలేదు. తెచ్చుకున్న మ్యాట్ లాటన్ సాదాసీదాగా ఆడాడు, ఆశలు పెట్టుకున్న అలెక్స్ ఎస్కోబార్ మోకాలు దెబ్బతింది. 2001లో డివిజన్ గెలిచిన జట్టు మరుసటి ఏడాది 88 మ్యాచ్‌లు ఓడింది. ఆ ఓటములన్నీ ఈ ఒక్క ట్రేడ్ వల్లనే అనను. ముందే అమ్మడం అన్నది సగం పని, ఏం తెచ్చుకున్నామన్నది మిగతా సగం. రికీ పేరు చెప్పి ట్రేడులను సమర్థించే వాళ్లు ఈ రెండో సగం దగ్గర సాధారణంగా గొంతు తగ్గిస్తారు.

జోర్డన్ లాలర్ అనే కుర్రాడు ఉన్నాడు కదా, మార్టే చోటు అతను నింపుతాడు అని మూడో పేజీలో రాశావు. అక్కడే నాకు గట్టి అభ్యంతరం. 2013 నవంబరులో టెక్సస్ సరిగ్గా ఇదే ఆలోచనతో ఇయన్ కిన్స్‌లర్‌ను డెట్రాయిట్‌కు ఇచ్చి ప్రిన్స్ ఫీల్డర్‌ను తెచ్చుకుంది. కిన్స్‌లర్‌కు 31 ఏళ్లు, వెనకాల జురిక్సన్ ప్రొఫార్ సిద్ధంగా ఉన్నాడు. మామూలు కుర్రాడు కాదు, బేస్‌బాల్ అమెరికా పత్రిక ఆ ఏడాది దేశం మొత్తంలో మొదటి స్థానం ఇచ్చిన కుర్రాడు. భుజం గాయంతో అతను 2014, 2015 రెండు సీజన్లూ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. ప్రిన్స్ ఫీల్డర్ మెడ శస్త్రచికిత్సలతో 2016 ఆగస్టులో ఆటకే దూరమయ్యాడు. కిన్స్‌లర్ మాత్రం డెట్రాయిట్‌లో నాలుగేళ్లు దిట్టంగా ఆడాడు, 2016లో 28 హోమ్ రన్లు కొట్టాడు. గాయాలు ఎవరు ఊహించారని అడుగుతావు. ఎవరూ ఊహించలేరు, అందుకే కుర్రాడి ఎదుగుదలను నగదు కింద లెక్కేయకూడదు. లాలర్ 2021 డ్రాఫ్ట్‌లో ఆరో ఎంపిక, ప్రతిభ ఉన్నవాడే. కానీ 2024లో ఎక్కువ భాగం గాయాలకే పోయింది, ఈ ఏడాది మేజర్ లీగ్‌లో .200 దాటలేదు. అతను మార్టేకు బదులు కాదు, మార్టే ఉండగా నింపాదిగా ఎదగాల్సినవాడు.

అభిమానులు మండిపడతారన్న అభ్యంతరానికి నువ్విచ్చిన జవాబు సరైనదే, కాకపోతే ఉదాహరణ లేక పేలవంగా ఉంది. 1926 చూడు. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు మొదటి వరల్డ్ సిరీస్ గెలిచిపెట్టిన కెప్టెన్, మేనేజర్ కూడా అయిన సెకండ్ బేస్‌మన్ రోజర్స్ హార్న్‌స్బీ. ఆఖరి అవుట్ కోసం బేబ్ రూత్‌ను ట్యాగ్ చేసింది అతని చెయ్యే. ఆ డిసెంబరులోనే జీతం దగ్గర యజమాని శామ్ బ్రెడన్‌తో పంతం పెరిగి న్యూయార్క్ జెయింట్స్‌కు వెళ్లిపోయాడు. ఊరంతా భగ్గుమంది. బదులుగా, ఒక పిచర్‌తో పాటు వచ్చింది ఇంకో గొప్ప సెకండ్ బేస్‌మన్, రెండేళ్లు చిన్నవాడు, ఫ్రాంకీ ఫ్రిష్. మరుసటి ఏడాది హార్న్‌స్బీ .361 కొట్టాడు, ఫ్రిష్ .337 కొట్టి 48 బేస్‌లు దొంగిలించాడు. ఆ తర్వాత 1928, 1930, 1931, 1934 నాలుగుసార్లు కార్డినల్స్ లీగ్ గెలిచింది. కోపం చల్లారింది. అయితే చల్లారడానికి కారణం ఫ్రిష్, కాలం కాదు. గొడవ వల్ల మొదలైన ట్రేడ్ కూడా అందుకే గట్టెక్కింది. మార్టే సెలవుల గురించి, జట్టులో కొందరి గొణుగుడు గురించి ఈ వేసవిలో పత్రికల్లో వచ్చినవాటికి నువ్వొక పేరా కేటాయించావు. అది తీసెయ్. నిజమో కాదో మనకు తెలిసే దారి లేదు, నిజమైనా అది ధర మార్చదు.

మిగిలింది గడియారం. పదేళ్ల మేజర్ లీగ్ సర్వీసు, అందులో చివరి ఐదేళ్లు ఒకే క్లబ్బులో పూర్తయితే, ఏ ట్రేడ్‌నైనా కాదనే హక్కు ఆటగాడికి వస్తుంది. 2015 జూలై ఆఖరున అడుగుపెట్టిన మార్టేకు వచ్చే సీజన్ మొదట్లోనే అది దక్కుతుంది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు అని నువ్వు రాసింది ఇందుకే. కానీ హక్కు వచ్చినంత మాత్రాన ట్రేడ్ అసాధ్యం కాదు. ఓడుతున్న జట్టు నుంచి గెలిచే జట్టుకు వెళ్లడానికి ఒప్పుకున్న సీనియర్లు బోలెడుమంది. తగ్గేది బేరమాడే సత్తువ, ఎందుకంటే ఎక్కడికి వెళ్లాలో అతనే చెబుతాడు. ఈ చలికాలం ఫోన్లు ఎత్తి అందరి మాటా వినడానికి ఇది చాలినంత కారణం. సరిపోని ధరకు సంతకం పెట్టడానికి మాత్రం కాదు.

ధర ఏమిటో నా మటుకు స్పష్టంగానే ఉంది. 2026 ఏప్రిల్‌లోనే మేజర్ లీగ్ మైదానంలో దిగగలిగి, ఫ్రీ ఏజెన్సీకి కనీసం నాలుగేళ్ల దూరంలో ఉన్న స్టార్టింగ్ పిచర్ ఒకడు, పై స్థాయి మైనర్ లీగ్‌లో దాదాపు సిద్ధమైనవాడు ఇంకొకడు. అలా అయితే క్యారల్, పెర్డోమోల సంవత్సరాలకు సరిపోయే సరుకు వస్తుంది, మార్టే చివరి ఏళ్ల బరువు వేరేవాళ్ల మీద పడుతుంది. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్ల జాబితా ఎంత పొడవున్నా వద్దు. వాళ్లు ఎదిగేసరికి క్యారల్ కాంట్రాక్టు అయిపోతుంది. ఇంత ధర ఎవరూ ఇవ్వకపోతే మార్టేను ఉంచుకుని, పిచర్లను డబ్బు పెట్టి వెతుక్కోవాలి.

రిపోర్టును తిరగరాసేటప్పుడు మొదటి పేజీలో 2026 నుంచి 2030 దాకా ఐదు గడులు గీయి. పై వరసలో మార్టే ఏడాదికి ఎన్ని గెలుపులు తెస్తాడని నీ అంచనా, కింది వరసలో బదులుగా వచ్చేవాళ్లు తెచ్చేవి. 2029, 2030లలో మార్టే అంకెలను నీకిష్టమైనంత తగ్గించుకో, నేను పోట్లాడను. ఫీల్డింగ్‌కు, డీహెచ్‌కు వేర్వేరు అంకెలు వేయడం మర్చిపోకు. పాత వెర్షన్‌లో రెండూ కలిపేశావు. లాలర్ గడిలో ఒకే అంకె వేయకుండా తక్కువ, ఎక్కువ రెండూ చూపించు. అది పంపాక మళ్లీ మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ బాబాయి