చంటిపిల్లలతో విదేశయానం: మేనల్లుడికి ఒక లేఖ



చంటిపిల్లలున్న కుటుంబం విదేశయానానికి సిద్ధపడేటప్పుడు ఖర్చు, సెలవు, చూడవలసిన ప్రదేశాలు అన్న మూడింటి చుట్టూనే ఆలోచన తిరగడం సహజం. అయితే ఆ ప్రయాణం సాఫీగా సాగుతుందా, బెడిసికొడుతుందా అన్నది ఇంట్లో అందరికంటే చిన్న ప్రాణి కాగితాల మీద, ఆ ప్రాణి నిద్ర మీద, ఆకలి మీద ఆధారపడి ఉంటుంది. శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీలో ఉద్యోగాలు చేసుకునే దంపతులు, మేడ్చల్ చుట్టుపక్కల కొత్త కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నవారు, పిల్లలు బడిలో చేరకముందే దుబాయికో సింగపూర్‌కో అమెరికాలోని తోబుట్టువుల ఇళ్లకో వెళ్లివస్తున్న ఈ కాలంలో ఈ లెక్క ముందుగానే వేసుకోవడం అవసరం.

అన్నిటికీ మూలం జనన ధ్రువపత్రం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా నమోదు జరగాలి. పేరు తేలకపోయినా నమోదు చేయించి, ఏడాదిలోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. తాత పేరా, నక్షత్రం అక్షరమా అన్న వాదన తెగక పేరు గడిని ఖాళీగా వదిలేసి, టికెట్లు కొన్న తరువాత మున్సిపల్ కార్యాలయానికి పరుగెత్తే ఇళ్లు తక్కువేమీ కాదు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కావాలంటే పుట్టిన తేదీకి ఈ పత్రం తప్ప వేరే ఆధారం చెల్లదు కనుక, ఆ వాదన ఎంత తొందరగా తెగితే అంత మంచిది.

పేరు రాయించే తీరులోనూ ఒక చిక్కు ఉంది. ఇంటిపేరును పొడి అక్షరంగా ముందు పెట్టుకోవడం తెలుగువారి అలవాటు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, పెట్టిన పేరుకు ఒక గడి ఉంటాయి, పొడి అక్షరాలను అక్కడ విడమరిచి రాయాలి. ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేస్తే పాస్‌పోర్టు ఒకే పేరుతో వస్తుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరు 21 నుంచి అలాంటి పాస్‌పోర్టుతో సందర్శక వీసాపై వచ్చేవారిని అనుమతించడం మానేసింది. రెండో పేజీలో తండ్రి పేరు గానీ ఇంటిపేరు గానీ ఉంటే తరువాత సడలింపు ఇచ్చినా, విమానం ఎక్కే ముందు కౌంటరు దగ్గర ఆ సడలింపు గురించి వాదించుకోవడం చంకలో బిడ్డతో చేసే పని కాదు. అమెరికా వీసాల్లోనైతే ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. పెట్టిన పేరు తెలియదు అని దాని భావం. ముద్దుగా పెట్టుకున్న పేరుకు అంతకంటే అవమానం ఏముంటుంది?

పద్దెనిమిదేళ్లు నిండనివారిని చట్టం మైనర్లంటుంది. చిన్నపిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది, దరఖాస్తుతో పాటు తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అంగీకార పత్రం ఇవ్వాలి. నాలుగేళ్లలోపు బిడ్డ ఫొటోను పాస్‌పోర్టు కార్యాలయానికి ఇంటి నుంచే తీసుకువెళ్లాలి. యాదగిరిగుట్టలోనో వేములవాడలోనో పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు ఉంటే అది తీరి, జుట్టు కాస్త వచ్చాక ఫొటో తీయించడం మేలు. తల్లి పుట్టింటివారి ఇంటిపేరుతోనే కొనసాగుతూ, బిడ్డకు తండ్రి ఇంటిపేరు ఉన్నప్పుడు జనన ధ్రువపత్రం నకలు దగ్గర ఉండాలి. తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరే బిడ్డను తీసుకువెళుతుంటే రెండోవారి అంగీకార లేఖను నోటరీ చేయించి వెంట ఉంచుకోమని అమెరికా, కెనడా ప్రభుత్వాలు సూచిస్తాయి. దంపతుల తగవుల్లో ఒకరికి తెలియకుండా మరొకరు బిడ్డను దేశం దాటించడాన్ని అరికట్టేందుకు 1980లో హేగ్ ఒప్పందం కుదిరింది. భారతదేశం అందులో చేరలేదు. కాబట్టి రెండోవారి అంగీకారం ఉందా అని అధికారులు అడిగితే తప్పుపట్టుకోకుండా కాగితం చూపించాలి.

టీకాల విషయంలో ఈ ప్రాంతంవారికి బద్ధకం తగదు. ఆరు నెలల పసికందుకు కూడా వేయదగిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు, అంటే క్రిమి పై పొరలోని చక్కెర పదార్థాన్ని ఒక ప్రొటీనుకు జతచేసి పసివారి శరీరం గుర్తించేలా తయారుచేసే టీకాకు, 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు తొలిసారి లభించింది. అది జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసినదే. తట్టు టీకా మన పట్టికలో తొమ్మిదో నెలలో వస్తుంది. అంతకుముందే విదేశం వెళ్లే ఆరు నెలలు దాటిన బిడ్డకు ఒక మోతాదు అదనంగా వేయించమని అమెరికా వైద్య సంస్థలు చెబుతాయి గనుక పిల్లల వైద్యుణ్ని అడగాలి. ఆఫ్రికాలో పచ్చజ్వరం ఉన్న దేశాలకు వెళ్లేవారు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో టీకా వేయించుకోవాలి. ఆ ధ్రువపత్రం చెల్లుబాటు పది రోజుల తరువాతే మొదలవుతుంది.

మందుల సంచిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్ఎస్ పొట్లాలు తప్పక ఉండాలి. విరేచనాలైన బిడ్డకు నీరు, లవణాలు తిరిగి అందించేది అదే. ఆ పేరు తగిలించుకొని అట్టడబ్బాల్లో అమ్ముడైన తీపి పానీయాలు విరేచనాలను మరింత పెంచగలవు. వాటి మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకాన్ని నిషేధించింది.

శంషాబాద్ విమానాశ్రయం మేడ్చల్‌కు, శామీర్‌పేటకు దాదాపు ఎదురు కొసన ఉంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద పటాన్‌చెరు వైపు నుంచైనా, ఘట్‌కేసర్ వైపు నుంచైనా సుమారు సగం చుట్టు తిరగాలి, మధ్యలో ఎక్కడపడితే అక్కడ కారు ఆపకూడదు. బిడ్డకు పాలు పట్టడం, లంగోటీ మార్చడం టోల్ గేటు దాటకముందే కావాలి. సాగనంపడానికి రెండు కార్లలో బయలుదేరే బంధువులు ఇంటి గడప దగ్గరే ఆశీర్వదించి ఆగిపోతే అందరికీ క్షేమం. అర్ధరాత్రి టెర్మినల్ ముందు నానమ్మ కన్నీళ్లు చూసి ఏడుపు అందుకున్న పిల్లవాడు లోపల ఇమిగ్రేషన్ దాకా ఆపడు.

రెండేళ్లు నిండని బిడ్డకు ఒడి టికెట్ చాలు, తిరుగు ప్రయాణం నాటికి రెండేళ్లు నిండితే ఆ విడతకు సీటు కొనాలి. విమానం లేచేటప్పుడు, ముఖ్యంగా దిగేటప్పుడు పాలు తాగిస్తే మింగుడు వల్ల చెవిపోటు తగ్గుతుంది.

గమ్యం ఎంపికలో కాలభేదమే ముఖ్యం. శరీరం పాత ఊరి గడియారాన్ని పట్టుకొని కొత్త ఊరి పగటిని, రాత్రిని అంగీకరించని స్థితిని జెట్‌లాగ్ అంటారు. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనుక, సింగపూర్‌ది రెండున్నర గంటలు ముందు. న్యూయార్క్‌కు తేడా తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటలు. మొదటిసారి వెళ్లే కుటుంబానికి నాలుగైదు గంటల ప్రయాణమున్న ఊరే తగినది. అమెరికా తప్పనిసరైతే మొదటి వారం ఏ ఊరూ తిరగకుండా బంధువుల ఇంట్లోనే ఉండాలి. రాత్రి రెండింటికి లేచి ఆడుకునే పిల్లవాడికి కాపలా వంతు ఒకనాడు తండ్రిది, ఒకనాడు తల్లిది అని బయలుదేరే ముందే మాట అనుకోవాలి. ఆ వంతు మాట్లాడుకోని దంపతులు ఎంత గొప్ప నగరానికి వెళ్లినా అక్కడ కొట్లాడుకునే వస్తారు.

పెట్టెలో పెట్టే తిండిని ప్రతి దేశం తన లెక్కన చూస్తుంది. మన మసాలాల్లో మామూలైన గసగసాలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోనూ, సింగపూర్‌లోనూ మాదకద్రవ్యాల చట్టాల పరిధిలోకి వస్తాయి. నిమ్మజాతి చెట్లను చంపే తెగులు వ్యాపిస్తుందని అమెరికా పచ్చి కరివేపాకును రానివ్వదు. మాంసం పచ్చళ్లకూ అక్కడ అనుమతి లేదు. బిడ్డకు ఉగ్గుపొడి, రాగిపిండి మూత విప్పని పొట్లాల్లో పెట్టుకొని, ఆస్ట్రేలియా వంటి చోట్ల దిగేముందు నింపే కార్డులో వాటిని దాచకుండా రాయాలి. రాసినందుకు పొట్లం పోతే పోతుంది, దాచినందుకైతే జరిమానా పడుతుంది.

బడికి వెళ్లే పెద్దపిల్లవాడు కూడా ఉండి వేసవి సెలవుల్లో ప్రయాణమైతే, బడులు తెరిచే జూన్ రెండో వారానికి కనీసం వారం ముందే తిరిగి రావాలి, ఎందుకంటే రాకలోనూ జెట్‌లాగ్ ఉంటుంది. వచ్చాక పెద్దవాడి పాస్‌పోర్టు గడువు చూడాలి. దుబాయి, సింగపూర్ రెండూ కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలని కోరతాయి కనుక ఐదేళ్ల పాస్‌పోర్టు ఆచరణలో నాలుగున్నరేళ్లదే.