తొందర వాళ్లది, డబ్బు మనది

“ఈ రోజే టోకెన్ వేయండి సార్, రేపటి నుంచి గజానికి వెయ్యి పెరుగుతోంది.” కారులో వెంచర్‌కు తీసుకెళ్లి, భోజనం పెట్టించి, సాయంత్రానికి ఏజెంటు అనే మాట ఇది. అతని తొందరకు కారణం కమీషను. మనకేం తొందర?

స్థలం కొన్నాక ఏళ్ల తరబడి ఎదురుచూడటమే ఓర్పు అనుకుంటాం. అది ముందుగా కావాల్సింది అడ్వాన్సు ఇచ్చే దగ్గర. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) పరిధిలోకి వస్తుందేమో ఆరా తీయండి. ఈ లోపు వేరెవరో కొనేసుకుంటే కొనుక్కోనివ్వండి, స్థలాలకు కరువు లేదు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) పరిధిలోకి వచ్చే ప్రాజెక్టును రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకానికి పెట్టడమే చట్టవిరుద్ధం. నమోదైన ప్రాజెక్టులోనైనా, అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ‘ప్రీ లాంచ్ ఆఫర్’ అంటూ మొత్తం సొమ్ము ముందే అడిగితే లేచి వచ్చేయండి.

ఇక కొన్న తర్వాతి ఓర్పు. దానికి అమరావతిని మించిన పాఠం మనకు లేదు. 2015 విజయదశమి నాడు అక్కడ ఆంధ్రప్రదేశ్ రాజధానికి శంకుస్థాపన జరిగింది. ధరలు ఎగిశాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. 2022 మార్చిలో అమరావతికి అనుకూలంగా హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వ మార్పు, 2025 మేలో పనుల పునఃప్రారంభం. మధ్యలో ఐదేళ్లకు పైగా పోయాయి. ఆ కాలాన్ని తట్టుకోవడం గుండె ధైర్యం ఒక్కదానితో అయ్యే పని కాదు. రెండు రూపాయల వడ్డీకి 20 లక్షలు తెచ్చి కొన్నారనుకుందాం. నెలకు 40 వేలు, ఏడాదికి 4 లక్షల 80 వేలు వడ్డీకే. నాలుగేళ్లు తిరిగేసరికి దాదాపు అసలంత వడ్డీ! ఎంత నిబ్బరం ఉన్నవాడైనా అయినకాడికి అమ్ముకోవాల్సిందే. పక్క ప్లాటు సొంత డబ్బుతో కొన్నవాడు మాత్రం నిశ్చింతగా ఉంటాడు. అతనేం మహాజ్ఞాని కాదు, నెల తిరిగేసరికి గుమ్మంలోకి వచ్చేవాడు లేడంతే. కాబట్టి ఓర్పు స్వభావంలో ఎంత ఉందో, డబ్బు తెచ్చిన దారిలోనూ అంతే ఉంది. పర్సనల్ లోన్లు ఇప్పించి ప్లాట్లు కొనిపించే సలహాదారులు ఈ ముక్క చెప్పరు.

అలాగని ప్రతి స్థలాన్నీ పట్టుకు వేలాడక్కర్లేదు. టైటిల్ గొడవ ఉన్నదీ, చెరువులో ఉన్నదీ పాతికేళ్లు ఆగినా బాగుపడదు. అది ఓర్పు కాదు, మొండితనం.

చేతులు మారినప్పుడల్లా అయ్యే ఖర్చునూ మర్చిపోవద్దు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ వగైరా కలిపి సుమారు 7.5 శాతం. బ్రోకరు కమీషను అదనం. రెండేళ్లలోపు అమ్మితే లాభం మీద మీ శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఆరు నెలల్లో రెట్టింపు అనేవాళ్లు ఈ లెక్కలు వేసి చూపించరు.

సంతకం పెట్టేముందు ఇంట్లోవాళ్లతో కూర్చోండి. ఈ డబ్బు ఏడెనిమిదేళ్లు తిరిగి రాకపోతే అమ్మాయి పెళ్లి ఆగుతుందా, అబ్బాయి ఫీజు ఆగుతుందా అని అడగండి. ఆగుతుందంటే ఆ సొమ్ము బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి, ప్లాటు సంగతి తర్వాత.