పాత ల్యాప్‌టాప్‌లో వీడియో ఎడిటింగ్

ప్రశ్న: ఫోన్‌లో తీసిన ఇంటి వీడియోలు ఎడిట్ చేయాలి. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంది. కొత్తవాళ్లకు ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

జవాబు: షాట్‌కట్‌తో మొదలుపెట్టండి. ఉచితం, వాటర్‌మార్క్ పడదు. హంగులు ఎన్నున్నాయని కాదు, మీ కంప్యూటర్ మోయగలదా అన్నది ముందు చూడాలి. చాలా ఫోన్లలో సెకనుకు పడే ఫ్రేముల సంఖ్య నిలకడగా ఉండదు; అందుకే ఎడిటింగ్‌లో పెదాలు ఒకచోట, మాట ఒకచోట పడుతుంటాయి. అలాంటి ఫైలు తెరిస్తే, ఎడిటింగ్‌కు అనువుగా మార్చమంటారా అని షాట్‌కట్టే అడుగుతుంది. ప్రాక్సీ ఆన్ చేస్తే 4కే వీడియోకు తేలికపాటి నకలు చేసి పని సాగనిస్తుంది. చివరి వీడియో మాత్రం అసలు ఫైలు నుంచే తయారవుతుంది.

సినిమావాళ్లు వాడే డావిన్చీ రిజాల్వ్‌కూ ఉచిత వెర్షన్ ఉంది కదా అంటారు. నిజమే, రంగులు దిద్దడంలో అది చాలా గట్టిది. కానీ 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటేనే సాఫీగా నడుస్తుంది. కత్తిరించిన ప్రతిసారీ తెర బిగుసుకుపోతే నేర్చుకోవాలన్న ఉత్సాహమే పోతుంది.